మార్చిలో తీర్పు, జూన్‌లో ఓటు: అమెరికా ప్రైమరీల్లో చివరి రాష్ట్రాల మాట చెల్లుతుందా?

క్లుప్తంగా: అమెరికా అధ్యక్ష అభ్యర్థుల ఎంపికలో ఆలస్యంగా ఓటేసే రాష్ట్రాల పట్టు 1970లు, 80లతో పోలిస్తే బాగా సడలింది. కారణం తేదీ ఒక్కటే కాదు. ఫలితాలు ఎప్పటికప్పుడు బయటపడటం, ప్రతినిధులను పంచే సూత్రం, మధ్యలోనే ఆగిపోయే విరాళాలు కూడా అందుకు తోడవుతున్నాయి. బరిలో ఇద్దరు సమఉజ్జీలు మిగిలినప్పుడు, లేదా ఖరారైన అభ్యర్థి తప్పుకున్నప్పుడు మాత్రం ఈ రాష్ట్రాలకు మళ్లీ బలం వస్తుంది.

2024 జూన్ 4 ఉదయం ఎనిమిది గంటలకు ఆంధ్రప్రదేశ్‌లో ఓట్ల లెక్కింపు మొదలైనప్పుడు న్యూజెర్సీలో ఇంకా ముందురోజు రాత్రి పదిన్నర. తెలుగువారు బాగా స్థిరపడిన ఎడిసన్ సహా ఆ రాష్ట్రంలో తెల్లవారి ఆరింటికి పోలింగ్ కేంద్రాలు తెరిచేసరికి ఇక్కడ మధ్యాహ్నం మూడున్నర. ఎన్డీయే కూటమిది తిరుగులేని ఆధిక్యమని అప్పటికే తేలిపోయింది. న్యూజెర్సీలో ఆ రోజు అధ్యక్ష అభ్యర్థుల ప్రైమరీ. మే 13న ఓటేసిన ఇక్కడి ఓటరు ఫలితం కోసం మూడు వారాలు ఎదురుచూశాడు. అక్కడి ఓటరుకు ఫలితం పన్నెండు వారాల ముందే తెలుసు, ఓటు వేయడం మాత్రం ఆ రోజు.

మార్చి 12న జార్జియా, మిసిసిపీ, వాషింగ్టన్ ఫలితాలతోనే డెమొక్రటిక్ పార్టీలో జో బైడెన్, రిపబ్లికన్ పార్టీలో డొనాల్డ్ ట్రంప్ తమకు కావలసిన సంఖ్య దాటేశారు. ఇరవైకి పైగా రాష్ట్రాలు అప్పటికి ఓటే వేయలేదు. బంతి భోజనాల్లో చివరి బంతికి కూర్చున్నవారికి గారెలు అయిపోయాయని చెప్పినట్టుంది వాటి పరిస్థితి.

ఏడు దశలు, ఒకే లెక్కింపు

మన దగ్గర పార్టీ బీ-ఫారం ఎవరి చేతికి వెళ్లాలో అధిష్ఠానం తేలుస్తుంది. అమెరికాలో ఆ నిర్ణయం ఓటర్లది. ఒక్కో రాష్ట్రం తన వాటాకు వచ్చిన ప్రతినిధులను, అంటే డెలిగేట్లను, ప్రైమరీ (పోలింగ్) ద్వారానో కాకస్ (పార్టీ స్థానిక సమావేశాలు) ద్వారానో అభ్యర్థులకు పంచుతుంది. వేసవిలో జరిగే పార్టీ జాతీయ మహాసభలో సగానికి పైగా ప్రతినిధులు ఎవరి వైపు ఉంటే వారే అభ్యర్థి. 2024లో రిపబ్లికన్ ప్రతినిధులు మొత్తం 2,429 మంది కాగా, గెలుపునకు కావలసింది 1,215. డెమొక్రాట్లలో ఆ సంఖ్య 1,968.

వేర్వేరు తేదీల్లో ఓటేయడం మనకు కొత్త కాదు. 2024 లోక్‌సభ ఎన్నికలు ఏప్రిల్ 19 నుంచి జూన్ 1 వరకు ఏడు దశల్లో సాగాయి. అయినా జూన్ 1న ఓటేసిన పంజాబ్ ఓటు, ఏప్రిల్ 19న ఓటేసిన తమిళనాడు ఓటు కన్నా తేలికైనదని ఎవరూ అనలేదు. ఈవీఎంలన్నీ ఒకే రోజు తెరిచారు కాబట్టి ఆ ప్రశ్నే రాలేదు. చివరి దశ ముగిసేదాకా ఎగ్జిట్ పోల్స్ కూడా బయటికి రాకుండా ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 126ఎ సెక్షన్ అడ్డుకుంటుంది.

అమెరికాలో చాలా రాష్ట్రాల ఫలితం ఓటేసిన రాత్రే తెలిసిపోతుంది. దాన్ని చూసి తర్వాతి రాష్ట్రం ఓటేస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, దాన్ని చూసి విరాళాలు ఇచ్చేవారు చేయి బిగిస్తారు. విమానానికీ, టీవీ ప్రకటనలకూ డబ్బు లేని అభ్యర్థి రెండు మూడు ఓటములతో బరి నుంచి తప్పుకుంటాడు. 2024లో ఫ్లోరిడా గవర్నర్ రాన్ డిశాంటిస్ తొలి రాష్ట్రమైన ఒక్క అయోవా ఫలితం చూసి జనవరి 21నే వైదొలిగారు. మరో రిపబ్లికన్ పోటీదారు నిక్కీ హేలీ మార్చి 5 నాటి సూపర్ ట్యూజ్‌డే, అంటే చాలా రాష్ట్రాలు ఒకేసారి ఓటేసే మంగళవారం, మర్నాడు ప్రచారం ఆపేశారు. ముందు రాష్ట్రాలు జల్లెడ పట్టగా మిగిలిన పేర్లే చివరి రాష్ట్రాల ఓటరు ముందుకు వస్తాయి. ఓటు హక్కు చెక్కుచెదరకుండా ఉన్నా, ఎంచుకునే అవకాశం అప్పటికే సన్నగిల్లి ఉంటుంది.

జూన్ మొదటి మంగళవారాల వైభవం

ఎప్పుడూ ఇలాగే లేదు. 1968లో హ్యూబర్ట్ హంఫ్రీ ఒక్క ప్రైమరీలోనూ పోటీ చేయకుండానే డెమొక్రటిక్ అభ్యర్థి అయ్యారు. ఆ ఏడాది షికాగో మహాసభ వెలుపల చెలరేగిన ఘర్షణలు, లోపల రేగిన అసంతృప్తి కలిసి పార్టీ చేత సంస్కరణల కమిషన్‌ను వేయించాయి. ప్రతినిధులను ప్రధానంగా ఓటర్లే నిర్ణయించే పద్ధతి ఆ తర్వాత స్థిరపడింది. కొత్త పద్ధతి వచ్చిన తొలి రోజుల్లో పోటీ తరచుగా జూన్ దాకా సాగేది.

1972లో కాలిఫోర్నియా ప్రతినిధులు 271 మంది. ఎక్కువ ఓట్లు వచ్చినవారికే అందరూ దక్కే పద్ధతి అక్కడ ఉండేది. జార్జ్ మెక్‌గవర్న్ జూన్‌లో హంఫ్రీని ఐదారు శాతం తేడాతో ఓడించి మొత్తం 271నీ సొంతం చేసుకున్నారు. వాటిని ఓట్ల నిష్పత్తిలో పంచాలంటూ ప్రత్యర్థులు జులైలో మయామీ బీచ్ మహాసభ వరకూ పోరాడారు, ఓడారు. ఆ ఏడాది డెమొక్రటిక్ అభ్యర్థిని తేల్చింది దాదాపుగా ఆ ఒక్క రాష్ట్రమే.

నాలుగేళ్లకు రిపబ్లికన్ల వంతు. అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ తొలి ప్రైమరీలను వరుసగా గెలుచుకున్నాక, రోనాల్డ్ రీగన్ మార్చి చివర్లో నార్త్ కరోలినాతో పుంజుకుని, మే నెలలో టెక్సస్‌ను ఊడ్చేసి, జూన్ 8న సొంత రాష్ట్రం కాలిఫోర్నియాను గెలిచారు. అదే రోజు ఒహాయో, న్యూజెర్సీ ఫోర్డ్‌ను కాపాడాయి. ప్రైమరీలన్నీ ముగిసినా ఎవరికీ స్పష్టమైన మెజారిటీ రాలేదు. ఆగస్టులో కాన్సాస్ సిటీ మహాసభలో ఫోర్డ్ 1,187, రీగన్ 1,070 ఓట్లు తెచ్చుకున్నారు. తొలి ఓటమికే విరాళాలు ఆగిపోయే నేటి లెక్కన చూస్తే, రీగన్ మార్చి దాటేవారా అన్నది అనుమానమే.

1984 ముచ్చట మరీ రసవత్తరం. డెమొక్రాట్లలో వాల్టర్ మాండేల్, గ్యారీ హార్ట్ జూన్ 5 దాకా పోరాడారు. ఆ రోజు ఒక తీరాన కాలిఫోర్నియా, మరో తీరాన న్యూజెర్సీ ఓటేయాలి. కొద్ది రోజుల ముందు కాలిఫోర్నియాలో విరాళాల సభలో హార్ట్ దంపతులు మాట్లాడారు. ఇక్కడి ప్రచారంలో తాను కోలా అనే ముద్దొచ్చే జంతువును చేతుల్లోకి తీసుకున్నానని భార్య చెప్పగా, న్యూజెర్సీలో తన చేతికిచ్చింది విషవ్యర్థాల గుంటలోని నమూనాలని హార్ట్ చమత్కరించారు. ఆ మాట న్యూజెర్సీకి చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. హార్ట్ కాలిఫోర్నియాను గెలిచి న్యూజెర్సీని పెద్ద తేడాతో పోగొట్టుకున్నారు. ఆ చమత్కారమే ఓడించిందని చెప్పలేం. ఒక రాష్ట్రం గురించి నోరు జారితే భయపడాల్సినంత బలం ఆనాడు జూన్ ఓటరుకు ఉండేదన్నది మాత్రం నిజం. మర్నాడు ఉదయం మాండేల్ ఫోను ముందు కూర్చుని, ఎటూ తేల్చుకోని ప్రతినిధులను ఒక్కొక్కరినే బతిమాలి, కావలసిన 1,967 దాటానని మధ్యాహ్నానికల్లా ప్రకటించుకున్నారు.

అందరూ ముందుకు జరిగితే

ముందు ఓటేసినవారికే గౌరవమని తెలిశాక రాష్ట్రాలు ఊరుకోలేదు. 1988లో దక్షిణాది రాష్ట్రాలు మూకుమ్మడిగా మార్చి 8కి మారి సూపర్ ట్యూజ్‌డేకు ఇప్పటి హోదా తెచ్చాయి. ఇక కాలిఫోర్నియా, పిల్లి తన పిల్లలను ఏడిళ్లు తిప్పినట్టు ప్రైమరీ తేదీని తిప్పింది. జూన్ నుంచి 1996లో మార్చికి, 2008లో ఫిబ్రవరి 5కి, 2012లో మళ్లీ జూన్‌కు, 2020లో తిరిగి మార్చికి. 2012లో వెనక్కి వెళ్లడానికి కారణం ఖర్చు. రాష్ట్ర స్థాయి ప్రైమరీలను, అధ్యక్ష ప్రైమరీని ఒకే రోజు జరిపితే దాదాపు 10 కోట్ల డాలర్లు మిగులుతాయని లెక్క వేశారు.

ఈ పరుగు పందెంలో ముందుకు దూకినవారికి ఎప్పుడూ ఫలం దక్కలేదు. 2008 ఫిబ్రవరి 5న కాలిఫోర్నియా, న్యూజెర్సీ సహా ఇరవైకి పైగా రాష్ట్రాలు ఒకేసారి ఓటేశాయి. డెమొక్రాట్లలో బరాక్ ఒబామా, హిల్లరీ క్లింటన్ ఆ రోజు దాదాపు సమానంగా పంచుకున్నారు. గుంపులో గోవిందా అన్నట్టు ఆ పెద్ద రాష్ట్రాల తీర్పు కలిసిపోయింది. కదలకుండా తమ చోటే ఉన్న పెన్సిల్వేనియా, ఇండియానా, నార్త్ కరోలినా చుట్టూ ఏప్రిల్, మే నెలల్లో అభ్యర్థులు వారాల తరబడి తిరిగారు. జూన్ 3న చివరగా ఓటేసిన మోంటానా, సౌత్ డకోటాలకూ ఆ ఏడు ప్రచారం చేరింది. నిబంధనలు మీరి జనవరికి జరిగిన ఫ్లోరిడా, మిషిగన్ ప్రతినిధులకు పార్టీ తొలుత గుర్తింపే ఇవ్వలేదు. మే 31న జరిగిన సమావేశంలో తలా అర ఓటు చొప్పున ఇచ్చి సరిపెట్టింది. తొందరపడిన పెద్ద రాష్ట్రం అర ఓటుకు దిగితే, ఓపిక పట్టిన చిన్న రాష్ట్రానికి పూర్తి ఓటు, పైగా పలకరింపు దక్కాయి. 

గెలిచినా వెనకబడే లెక్క

మరి 2008లో చివరి రాష్ట్రాలు ఫలితాన్ని మార్చాయా? అంతగా పట్టించుకున్నా, మార్చలేదు. దానికి కారణం డెమొక్రాట్ల పంపకం సూత్రం. ఆ పార్టీలో 15 శాతం దాటిన ప్రతి అభ్యర్థికీ ఓట్ల నిష్పత్తిలో ప్రతినిధులు వస్తారు. వినడానికి ఇది న్యాయంగా ఉంటుంది. వెనకబడిన అభ్యర్థికి మాత్రం ఇదే ఊబి.

ఊహాత్మక లెక్క ఒకటి చూద్దాం. ఒక అభ్యర్థి 300 మంది ప్రతినిధుల ఆధిక్యంలో ఉన్నారు, ఇంకా 700 మంది మిగిలారు. వెనకున్నవారు సమం చేయాలంటే ఆ 700లో 500 గెలవాలి, అంటే 71 శాతం. తర్వాతి రాష్ట్రాల్లో సగం, అంటే 350 స్థానాల్లో, వారు 60 శాతంతో ఘనంగా నెగ్గారనుకుందాం. 210కి 140. పత్రికలు దాన్ని భారీ విజయమంటాయి. ఆధిక్యం 300 నుంచి 230కి తగ్గుతుంది. మిగిలిన 350లో సమం చేయాలంటే ఇప్పుడు 290 కావాలి, దాదాపు 83 శాతం. గెలిచిన కొద్దీ గమ్యం దూరమవుతోంది. వెనకున్న అభ్యర్థికి కాలం కూడా ప్రత్యర్థే.

హిల్లరీ క్లింటన్‌కు ఎదురైంది ఇదే. సూపర్ ట్యూజ్‌డే తర్వాత ఫిబ్రవరిలో ఒబామా వరుస విజయాలతో ఆధిక్యం కూడగట్టారు. ఏప్రిల్ 22న పెన్సిల్వేనియాలో ఆమె దాదాపు 9 శాతం తేడాతో గెలిచినా, ప్రతినిధుల్లో దక్కిన తేడా 85కి 73, అంటే పన్నెండే. సౌత్ డకోటాను ఆమె గెలిచిన రాత్రే, జూన్ 3న, ఒబామా మెజారిటీ దాటేశారు.

రిపబ్లికన్ల పద్ధతి వేరు. మార్చి 15న గానీ, ఆ తర్వాత గానీ ఓటేసే రాష్ట్రాలు ప్రతినిధులందరినీ విజేతకే కట్టబెట్టేందుకు ఆ పార్టీ నిబంధనలు అనుమతిస్తాయి. అంటే వెనకున్నవారు ఒక్క పెద్ద విజయంతో పుంజుకునే అవకాశం సిద్ధాంతంలో ఎక్కువ. ఆచరణలో ఆ సూత్రం ఎక్కువగా ముందున్నవారికే ఉపయోగపడుతోంది. ఓటు మూడు నాలుగు ముక్కలైనప్పుడు 40 శాతం తెచ్చుకున్నవారే అంతా ఊడ్చుకుపోతారు కాబట్టి.

ఇండియానా రాత్రి, కాలిఫోర్నియా ముందు రాత్రి

2016లో ఈ రెండు సూత్రాలూ పక్కపక్కనే పనిచేశాయి. రిపబ్లికన్లలో మే 3 నాటి ఇండియానా ఆఖరి రక్షణ గోడ అయింది. ట్రంప్‌ను ఆపడానికి టెడ్ క్రూజ్, జాన్ కేసిక్ ఏప్రిల్‌లో ఒప్పందానికి వచ్చారు. ఇండియానాను క్రూజ్‌కు వదలాలి, ఆరెగాన్, న్యూమెక్సికోలను కేసిక్‌కు వదలాలి. క్రూజ్ ఉపాధ్యక్ష అభ్యర్థిని కూడా ముందే ప్రకటించేశారు. బాస్కెట్‌బాల్‌ను కొలిచే ఆ రాష్ట్రంలో, ఒక పాత జిమ్‌లో నిలబడి, బుట్టను ‘రింగ్’ అని పిలిచి నవ్వులపాలయ్యారు కూడా. ట్రంప్ అక్కడి 57 మంది ప్రతినిధులనూ గెలుచుకున్నారు. క్రూజ్ ఆ రాత్రే, కేసిక్ మర్నాడు తప్పుకున్నారు. 172 మంది ప్రతినిధులతో జూన్ 7న తీర్పు చెబుతామని ఎదురుచూసిన కాలిఫోర్నియా రిపబ్లికన్లకు మిగిలింది లాంఛనమే.

డెమొక్రాట్లలో క్లింటన్, బెర్నీ శాండర్స్ పోటీ జూన్ దాకా నడిచింది. కాలిఫోర్నియా పోలింగ్‌కు ముందు రోజు సాయంత్రం, జూన్ 6న, అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ క్లింటన్ అవసరమైన 2,383 సంఖ్య చేరుకున్నారని ప్రకటించింది. ప్రైమరీలతో నిమిత్తం లేకుండా మహాసభలో ఓటేసే పార్టీ పెద్దలను, అంటే సూపర్ డెలిగేట్లను, విడివిడిగా అడిగి వేసిన లెక్క అది. వార్తగా అది సరైనదే కావచ్చు. రేపు క్యూలో నిలబడబోయే ఓటరుకు మాత్రం ఇంటికి వెళ్లిపొమ్మని చెప్పినట్టయింది. శాండర్స్ వర్గం ఆగ్రహం అక్కడితో ఆగలేదు. సూపర్ డెలిగేట్లు మహాసభ తొలి రౌండు ఓటింగులో, ఫలితం ముందే ఖాయమైనప్పుడు తప్ప, ఓటేయరాదని 2018లో పార్టీ నిబంధన మార్చింది. ఈ మార్పు చివరి రాష్ట్రాలకు కొంత మేలు చేసేదే. మాండేల్‌లా ఫోన్లు తిప్పి జూన్ ఓటును తేలిక చేసే దారి చాలావరకు మూసుకుపోయింది.

ఆలస్యానికి అదనపు వడ్డన

ఈ పరుగును ఆపడానికి పార్టీలు బెత్తం, బెల్లం రెండూ వాడాయి. బెత్తం అంటే ప్రతినిధుల కోత. 2012లో ఫ్లోరిడా గడువుకు ముందే ఓటేయగా రిపబ్లికన్ పార్టీ దాని ప్రతినిధుల్లో సగం కోసేసింది. బెల్లం డెమొక్రాట్లది. ఏప్రిల్‌లో ఓటేస్తే 10 శాతం, మే, జూన్‌లలో ఓటేస్తే 20 శాతం అదనపు ప్రతినిధులు. పొరుగు రాష్ట్రాలు మూడు కలిసి ఒకే రోజు ఎంచుకుంటే మరో 15 శాతం.

రాష్ట్రాల నాయకులు ఈ బెల్లానికి పెద్దగా లొంగలేదు. మహాసభలో మరో ఇరవై కుర్చీల కన్నా, జనవరి చలిలో అభ్యర్థి వచ్చి తమ ఊరి హోటల్లో టీ తాగి వెళ్లడమే విలువైనదని వారి లెక్క. జూన్‌లోనే ఉండిపోయిన రాష్ట్రాలకు అక్కడ ఉండటానికి తమవైన కారణాలున్నాయి. న్యూజెర్సీలో 2024 జూన్ 4న ఓటరును కేంద్రానికి రప్పించగలిగింది అధ్యక్ష పోటీ కన్నా సెనేట్ పోటీ. ఆండీ కిమ్ డెమొక్రటిక్ టికెట్టును గెలిచింది ఆ రోజే.

ఫలితం తేలాక పడే ఓట్లకు మరో ఉపయోగం ఉందంటారు: అసంతృప్తి కొలమానం. హేలీ వైదొలిగి వారాలు గడిచాక కూడా పెన్సిల్వేనియాలో 16 శాతానికి పైగా, ఇండియానాలో 21 శాతానికి పైగా రిపబ్లికన్ ఓట్లు ఆమెకే పడ్డాయి. ట్రంప్‌కు ఇది ప్రమాద ఘంటిక అన్న విశ్లేషణలు విస్తారంగా వచ్చాయి. నవంబరులో ఆ రెండు రాష్ట్రాలనూ ఆయనే గెలిచారు. చివరి ప్రైమరీల నిరసన ఓటును నవంబరు జోస్యంగా చదవడం ఎంత ప్రమాదమో అది చూపింది.

ప్రతినిధి కూడా ఒక మనిషే

చివరి రాష్ట్రాల ప్రాధాన్యంపై జరిగే చర్చలో తరచూ మరిచిపోయే సంగతి ఒకటుంది. ప్రైమరీలో గెలిచేది అంకెలు అయినా, మహాసభకు వెళ్లేది మనుషులు. సంఖ్య మార్చిలోనే పూర్తయినా, జూన్‌లో ఎంపికైన ప్రతినిధి ఓటు జనవరి ప్రతినిధి ఓటుతో సమానం.

1980లో డెమొక్రాట్లలో ఈ విషయం పెద్ద తగాదా అయింది. జూన్ 3న ఎనిమిది ప్రైమరీల్లో ఎడ్వర్డ్ కెనెడీ కాలిఫోర్నియా, న్యూజెర్సీ సహా ఐదు గెలిచారు. అయినా మొత్తం సంఖ్య అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ చేతిలోనే ఉంది. ప్రజల మనసు మారిందని తాజా ఫలితాలు చెబుతున్నందున ప్రతినిధులను పాత కట్టుబాటు నుంచి విడిపించాలని కెనెడీ వర్గం న్యూయార్క్ మహాసభలో కోరింది. సభ ఒప్పుకోలేదు, కెనెడీ ఆ రాత్రే తప్పుకున్నారు. అయితే ఆ తర్వాత పార్టీ ఆ కట్టుబాటును సడలించింది. ప్రతినిధులు తమను ఎన్నుకున్నవారి అభిప్రాయాన్ని మనస్సాక్షిగా ప్రతిబింబించాలని మాత్రమే నిబంధన మిగిలింది.

నలభై నాలుగేళ్ల తర్వాత ఆ నిబంధనకు అసలైన పని పడింది. 2024 జులై 21న బైడెన్ పోటీ నుంచి వైదొలిగారు. అప్పటికి ఆయన పేరు మీద గెలిచిన ప్రతినిధులు దాదాపు 3,900 మంది. వారిలో పన్నెండు వారాలు ఆలస్యంగా, ఫలితం తెలిసి ఓటేసిన రాష్ట్రాలవారూ ఉన్నారు. కొద్ది రోజుల్లోనే వీరంతా కమలా హారిస్ వైపు మళ్లారు. ఆగస్టు మొదట్లో ఆన్‌లైన్ ఓటింగులో ఆమెకు 99 శాతం ఓట్లు వచ్చాయి. పోటీ ఏకపక్షమైంది కనుక ఏ రాష్ట్రం ఎటు మొగ్గిందన్న ప్రశ్న రాలేదు. మరొక గట్టి అభ్యర్థి నిలబడి ఉంటే, జూన్‌లో ఎవరికీ పట్టని న్యూజెర్సీ ప్రతినిధుల ఇళ్లకే ఫోన్లు మోగేవి.

2028 వైపు

అధ్యక్షుడే మళ్లీ పోటీ చేసిన 2024 లాంటి ఏడాదిని కొలమానంగా తీసుకోవడం సరికాదు. ట్రంప్ రెండోసారి గెలిచారు కాబట్టి రాజ్యాంగం ప్రకారం ఆయనకు మరో పోటీ లేదు. 2028లో రెండు పార్టీల్లోనూ సింహాసనం ఖాళీ. డెమొక్రాట్లలో ముగ్గురు నలుగురు 15 శాతం గీత దాటుతూ పోతే, నిష్పత్తి సూత్రం ఎవరినీ సగానికి చేరనివ్వదు. సూపర్ డెలిగేట్లు తొలి రౌండులో కలగజేసుకోలేరు. ఆ రెండూ కలిస్తే పోటీ మే దాకా సాగే అవకాశం 2016 కన్నా ఎక్కువ. రిపబ్లికన్లలో మాత్రం విజేతకే అంతా దక్కే సూత్రం ఏప్రిల్‌కల్లా పని ముగించవచ్చు.

దీనికి అడ్డుపడేది 2020 అనుభవం. ఆ ఏడాది కూడా డెమొక్రాట్లలో అభ్యర్థులు కిక్కిరిసి ఉన్నారు, పోటీ జూన్ దాకా వెళ్తుందని చాలామంది అనుకున్నారు. ఫిబ్రవరి 29న సౌత్ కరోలినాలో బైడెన్ గెలిచాక మూడు రోజుల్లో ఇద్దరు ప్రధాన పోటీదారులు తప్పుకుని ఆయనను బలపరిచారు. శాండర్స్ ఏప్రిల్ 8న ఆగిపోయారు. కరోనా వల్ల ప్రైమరీని వాయిదా వేసిన న్యూయార్క్, పోటీ ముగిసిందంటూ ఏకంగా దాన్ని రద్దు చేయబోతే న్యాయస్థానం అడ్డుకుని జూన్ 23న జరిపించింది. నిష్పత్తి సూత్రం పోటీని సాగదీయగలదు గానీ, తప్పుకోవాలనుకున్న అభ్యర్థిని బరిలో నిలబెట్టలేదు.

మొదట ఎవరు ఓటేయాలన్న దానిపై డెమొక్రటిక్ పార్టీలో మళ్లీ బేరాలు నడుస్తున్నాయి. చివర మేముంటామని ముందుకొచ్చిన రాష్ట్రం లేదు. న్యూజెర్సీ చట్టం ప్రకారం ప్రైమరీ జూన్ మొదటి సోమవారం తర్వాతి మంగళవారం. చట్టం మార్చకపోతే, ఎడిసన్ ఓటరు వంతు 2028 జూన్ 6న వస్తుంది.